జేబులోని లాటిను

ఈ దేశంలో లాటిను ఒక్క ముక్క రానివారి జేబులో కూడా మూడు లాటిను మాటలు ఉంటాయి. పాతిక సెంట్ల నాణెం ఒకటి తీసి వెలుతురుకి తిప్పి చూడండి. అక్షరాలు చిన్నవి, కళ్ళజోడు ఉన్నవారు పెట్టుకునే చూడాలి. "ఇ ప్లూరిబస్ యూనమ్" అని కనబడుతుంది. డాలరు నోటు వెనుక, గద్ద ముక్కున కరచుకున్న పట్టీ మీదా అదే ఉంది. పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళ పాస్‌పోర్టు అట్ట మీద బంగారు గద్ద నోటిలోనూ అదే. రోజూ చేతులు మారే మాట కనుక దాని సంగతి ఎవరూ పట్టించుకోరు.

మన ఆదివారం తెలుగు తరగతిలో ఈ ముక్కను తెలుగు చెయ్యమని పెద్దపిల్లలకు ఇచ్చి చూశాము. "అనేకంలో ఒకటి" అని ఒకరు, "భిన్నత్వంలో ఏకత్వం" అని ఒకరు, "ఐకమత్యమే మహాబలం" అని మరొకరు రాశారు. "అందరం ఒక్కటే" అని రాసినవాడు కొంచెం సినిమా పాటల ధోరణివాడు. సరే, పిల్లలు కదా అనుకుని, తరగతి అయ్యేదాకా కాఫీ తాగుతూ కూర్చున్న తల్లిదండ్రులను అడిగాము. వారిలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు లెక్కల ప్రొఫెసరు. ఇవే నాలుగు జవాబులు తిరిగి వచ్చాయి. నాలుగూ మంచి మాటలే కాని, ఏ ఒక్కటీ ఆ మూడు లాటిను మాటలకు అర్థం కాదు.

మనకు లాటిను రాకపోయినా సంస్కృతం చుట్టమే. "ప్లూరిబస్" చివరనున్న "బస్" అనే తోక, సంస్కృతంలో "బహుభ్యః" చివరనున్న "భ్యః" అనే తోకకు తోబుట్టువు. రెండూ ఒకే పూర్వభాష నుంచి వచ్చిన బహువచన ప్రత్యయాలు. "ఇ" అంటే "నుండి". "యూనమ్" అంటే "ఒకటి", నపుంసక లింగం. మాటకు మాట పెడితే "బహుభ్య ఏకమ్" అవుతుంది. తెలుగులో అయితే "పెక్కింటి నుండి ఒకటి". ఇది పంచమీ విభక్తి అని వ్యాకరణం చదువుకున్న పెద్దలు వెంటనే పట్టుకుంటారు. "అనేకంలో ఒకటి" అన్నామంటే అర్థం బోర్లా పడుతుంది. అది బుట్టెడు మామిడిపళ్ళలో ఒక పండు తీసినట్టు. లాటినులో ఉన్నది ఏరుకోవడం కాదు, కూడుకోవడం. చాలా వస్తువులు కలిసి, మునుపు లేని ఒక కొత్త వస్తువు పుట్టడం.

"భిన్నత్వంలో ఏకత్వం" అన్నది మన సభల్లో అందరూ వాడే అనువాదం. మన వార్షికోత్సవం బ్యానరు మీద కూడా కొన్నేళ్ళు ఉంది. అది భారతదేశం గురించి మనం చెప్పుకునే మాట. వేరువేరుగా ఉంటూనే లోపల ఒకటిగా ఉన్నాం అని దాని భావం. అక్కడ ఏదీ కదలదు, మారదు. లాటిను మాటలో ఒక నడక ఉంది. మొదట పలు, తర్వాత ఒకటి. ఆ నడకలో ఎవరు ఎంత మారాలి అన్నదే ఈ దేశంలో రెండు వందల ఏళ్ళకు పైబడిన పేచీ. ఆ పేచీలో మనమూ ఒక కక్షిదారులం కనుకనే ఇంత దూరం రాస్తున్నాము.

తప్పు చెప్పినవారిలో మన పిల్లలకు గొప్ప తోడు ఉంది. ఉపాధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో, 1994 జనవరిలో, ఆల్ గోర్ గారు మిల్వాకీలో ఉపన్యసిస్తూ ఈ ముక్కను తిరగేసి, "ఒకటి నుండి పలు" అని అర్థం చెప్పారు. నోరు జారిందో, నిజంగానే అలా అనుకున్నారో గాని, ఆయన ప్రత్యర్థులు ఏళ్ళ తరబడి దాన్ని వదల్లేదు. మనం మాత్రం ఆయన్ను మరీ వెక్కిరించనక్కర్లేదు. ఒకటిగా ఉన్నది పలు కావాలని కోరుకుని సృష్టి చేసిందని ఛాందోగ్యం, తైత్తిరీయం చెబుతాయి. గోర్ గారు తెలియకుండానే ఉపనిషత్తు చెప్పారన్నమాట. పైగా ప్రవాసాంధ్రుల సంఘాల చరిత్ర తెలిసినవారికి "ఒకటి నుండి పలు" అన్నది తప్పు అనువాదంగా కనబడదు, సర్వసభ్య సమావేశం మినిట్సు లాగా కనబడుతుంది. పేర్లు ఎందుకు లెండి.

ఇక ఈ మాట ఎక్కడ పుట్టిందో చూస్తే మన వంటింట్లోకి వస్తాము. లాటినులో "మొరేటుమ్" అని ఒక చిన్న కావ్యం ఉంది. వర్జిల్ రాశాడని చాలాకాలం అనుకున్నారు, పండితులు ఇప్పుడు ఒప్పుకోరు. అందులో యుద్ధాలు లేవు, దేవతలు లేరు. సిములుస్ అనే పేదరైతు చలికాలం కోడికూతకు లేచి, నిప్పు రాజేసి, తిరగలిలో గోధుమలు విసురుకుని రొట్టె చేసుకుంటాడు. స్కిబాలె అనే ఆఫ్రికా స్త్రీ అతనికి సాయం చేస్తుంది. రొట్టెలోకి నంజుడు కావాలి గదా. పెరట్లోకి వెళ్ళి వెల్లుల్లి, కొత్తిమీర, మరికొన్ని ఆకులు కోసుకొస్తాడు. ఉప్పు, ఎండిన జున్ను చేర్చి రోట్లో వేసి నూరుతాడు. ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతుంటే చేతి వెనకతో తుడుచుకుంటాడు, పాపం ఏ తప్పూ చెయ్యని పొగను తిట్టుకుంటాడు. చివర నూనె, కాస్త వెనిగరు పోసి ముద్ద చేస్తాడు. అలా నూరేటప్పుడు ఒక్కొక్క దినుసు తన రంగు కోల్పోతూ, అన్నీ కలిసి ఒక రంగు అవుతాయి అన్నచోట ఈ మూడు మాటలు వస్తాయి, చివరి మాట లింగం ఒక్కటే తేడా. అంటే అమెరికా రాజముద్ర మీది మాటలు మొదట రోటిపచ్చడి గురించినవి! గోంగూర నూరినవారికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే ఆ కవి కళ్ళు చురుకైనవి. ముద్ద పూర్తిగా పచ్చగానూ లేదట, ఎందుకంటే జున్ను తునకలు లొంగలేదు. తెల్లగానూ లేదట, ఎందుకంటే అన్ని ఆకులు కలిశాయి. ఈ సంగతి దగ్గర పెట్టుకోండి.

ఇదే మాట ముద్రల మీదికి ఎలా వచ్చిందంటే, మధ్యలో మనలాంటి ఒక మాసపత్రిక ఉంది. 1731లో లండనులో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన "జెంటిల్‌మన్స్ మాగజైన్" మొదలుపెట్టాడు. పత్రికకు "మాగజైన్" అనే పేరు పెట్టడం దానితోనే మొదలు. అంతకుముందు ఆ మాటకు గిడ్డంగి అని అర్థం. నానా పత్రికల్లోంచి మంచివి ఏరి ఒకచోట కూర్చడం ఆయన పని. అందుకని ముఖపత్రం మీద చేతిలో పూలగుత్తి బొమ్మ, పక్కన "ఇ ప్లూరిబస్ యూనమ్". ఆ పత్రిక అమెరికా వలసల్లో చదువుకున్నవారి ఇళ్ళకు వచ్చేది. ఈ మాట వారికి బాగా పరిచయం. చెయ్యి నొప్పి పుట్టేలా పిడి తిప్పుతూ నాలుగు వ్యాసాలు, రెండు కవితలు, ఒక వంటకం కలిపి నెలనెలా సంచిక చేసే సంపాదకవర్గానికి ఆ పూలగుత్తి ఎంత నచ్చిందో వేరే చెప్పాలా.

1776 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటన ఒప్పుకున్న రోజు మధ్యాహ్నమే, కొత్త దేశానికి ఒక ముద్ర తయారు చెయ్యమని కాంగ్రెసు ముగ్గురిని నియమించింది: ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జెఫర్సన్. ముగ్గురూ మేధావులే, ముగ్గురికీ బొమ్మ గీయడం రాదు. ఫ్రాంక్లిన్ ఎర్ర సముద్రం పాయలు చేసే మోషే కావాలన్నాడు. ఆడమ్స్ హెర్క్యులిస్ కావాలన్నాడు. చివరకు జెనీవాలో పుట్టి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డ ద్యూ సిమితియేర్ అనే చిత్రకారుణ్ణి పిలిచారు. ఈ లాటిను మాట వచ్చిన చిత్తుబొమ్మ ఆయనదే. ఒక వలసవచ్చినవాడు గీసిన బొమ్మ అది. ఆగస్టులో నివేదిక ఇస్తే, కాంగ్రెసు తర్వాత చూద్దాం అని పక్కన పెట్టింది. కమిటీ నివేదికల గతి అన్నిచోట్లా అంతే. ఆరేళ్ళలో ఇంకో రెండు కమిటీలు తిరిగాయి. అప్పుడు ఈ పని కాంగ్రెసు కార్యదర్శి చార్లెస్ థామ్సన్ చేతికి వచ్చింది. ఐర్లండులో పుట్టి, పదేళ్ళ వయసులో తల్లీ తండ్రీ లేని పిల్లవాడుగా ఈ ఒడ్డున దిగి, లాటిను మాస్టారుగా పనిచేసినవాడు ఆయన. పాత కాగితాల్లోంచి గద్ద, డాలు, నక్షత్రాలు, ఈ మాట ఏరి కూర్చాడు. 1782 జూన్ 20న కాంగ్రెసు ఆమోదించింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాటను లెక్కపెట్టండి, సరిగ్గా పదమూడు వస్తాయి. రాష్ట్రాలూ పదమూడే. కావాలని కుదిరిందా, దానంతట అదే కుదిరిందా అన్నది జోస్యులకు వదిలేద్దాం.

డాలరు నోటు మీద ఆ ముద్ర రెండో వైపు కూడా ఉంటుంది: పిరమిడు, పైన కన్ను, కింద మరో లాటిను ముక్క. ఆ ముక్కకు "యుగాల కొత్త వరుస" అని అర్థం. దాన్ని "కొత్త ప్రపంచ పాలన" అని తర్జుమా చేసి రహస్య సంఘాల కథలు అల్లేవారు ఇక్కడ కొల్లలు. వాటి జోలికి మేము పోము.

అసలు పేచీకి వద్దాం. "పెక్కింటి నుండి" అంటే వేటి నుండి? థామ్సన్ తన వివరణలో దాపరికం లేకుండా రాశాడు: డాలు మీది నిలువు చారలు రాష్ట్రాలు, పైనున్న అడ్డపట్టీ వాటిని కలిపి నిలిపే కాంగ్రెసు, ఈ మాట ఆ కూడికను గురించినది. అంటే వర్జీనియా, న్యూజెర్సీ, మాసచూసెట్సు వగైరా పదమూడు రాజ్యాలు కలిసి ఒక దేశం కావడం. జాతుల సంగతి, భాషల సంగతి, మతాల సంగతి అందులో లేదు. కాని ద్యూ సిమితియేర్ గీసిన మొదటి బొమ్మలో వేరే ముచ్చట ఉంది. ఆయన డాలును ఆరు గళ్ళు చేసి, ఇంగ్లండు గులాబి, స్కాట్లండు ముళ్ళపువ్వు, ఐర్లండు వీణ, ఫ్రాన్సు లిల్లీ, జర్మనీ గద్ద, హాలండు సింహం పెట్టాడు. ఇక్కడికి మనుషులు వచ్చిన దేశాలు అవి. వాటి చుట్టూ పదమూడు రాష్ట్రాల పేర్ల పొడి అక్షరాలు. కనుక "పెక్కు" అంటే రాష్ట్రాలా, జనమా అన్న రెండు అర్థాలూ పుట్టుకతోనే ఉన్నాయి. కాంగ్రెసు ఆ ఆరు గళ్ళను తీసేసి రాష్ట్రాల అర్థాన్నే ఉంచుకుంది. తర్వాత జనం ఆ తీసేసిన అర్థాన్నే వెతుక్కుని తెచ్చుకున్నారు. ఈ రోజు వక్తలు వాడేదంతా ఆ రెండో అర్థమే. చరిత్ర తెలిసినవారు దీన్ని దుర్వినియోగం అంటారు. మాకు మాత్రం ఇది దుర్వినియోగాల్లోకల్లా మంచిది అనిపిస్తుంది.

ఆ ఆరు గళ్ళలో లేనివారిని కూడా చూడాలి. ఆఫ్రికా లేదు. అప్పటికి ఆ ఊళ్ళలోనే గొలుసుల్లో ఉన్న మనుషులు లెక్కలోకి రాలేదు. ఈ నేల అసలు వారసులు లేరు. ఆసియా సంగతి ఎవరి ఊహలోనూ లేదు. పచ్చడి నూరుతున్న ఇంట్లో స్కిబాలె పనిచేస్తూనే ఉంది, దినుసుల జాబితాలో మాత్రం లేదు.

రెండో దుర్వినియోగం ఇంత మంచిది కాదు. 1908లో ఇజ్రాయెల్ జాంగ్‌విల్ "మెల్టింగ్ పాట్" అనే నాటకం రాశాడు. వాషింగ్టనులో మొదటి ప్రదర్శనకు అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు వచ్చి మెచ్చుకున్నాడు. అప్పటి నుంచి "పెక్కింటి నుండి ఒకటి" అంటే మూసలో పోసి కరిగించడం అనే అర్థం పాకింది. డెట్రాయిట్ దగ్గర ఫోర్డు కంపెనీ తన కార్మికులకు ఇంగ్లీషు బడి నడిపింది. 1916 ప్రాంతాల్లో ఆ బడి పట్టాల ఉత్సవం ఎలా జరిగేదో మన మిచిగన్ సభ్యులకు తెలిసే ఉంటుంది. వేదిక మీద పెద్ద గంగాళం. కార్మికులు తమ తమ దేశాల బట్టలు కట్టుకుని, మూటలు పట్టుకుని, వరుసగా అందులోకి దిగేవారు. పంతుళ్ళు పొడుగాటి గరిటెలతో గంగాళాన్ని కలియబెట్టేవారు. ఇవతల నుంచి అందరూ ఒకే రకం సూట్లలో, చేతిలో చిన్న జెండాలతో పైకి వచ్చేవారు. మూటలు గంగాళంలోనే. ఇదేదో మేము కల్పించిన ప్రహసనం కాదు, ఫోటోలు ఉన్నాయి. హోరెస్ కాలెన్ అనే తత్త్వవేత్త 1915లోనే దీన్ని కాదని వాదించాడు. వాద్యబృందంలో ప్రతి వాద్యం తన శ్రుతిలో తాను పలుకుతూనే అన్నీ కలిసి ఒక పాట అవుతాయి గదా అన్నాడు. ఆయన మాట విన్నవారు అప్పట్లో తక్కువ.

ఇదంతా పాత కథ అనుకోకండి. మన సభ్యుల్లో ఒక కుటుంబం సంగతి, వారి అనుమతితోనే రాస్తున్నాము. వారి అబ్బాయి కిండర్‌గార్టెన్‌లో మాట్లాడటం కొంచెం ఆలస్యం చేశాడు. టీచరు తల్లిదండ్రులను పిలిపించి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంది. గోడ మీదున్న గద్ద బొమ్మ చూపించి, ఈ దేశం నడిచేది దీని మీదనే, మీరు పిల్లవాణ్ణి రెండు ముక్కలు చేస్తున్నారు అంది. ఆవిడ మంచిదే, ద్వేషంతో అన్న మాట కాదు. భయపడ్డ తల్లీ తండ్రీ ఆ రోజు నుంచే తెలుగు మానేశారు. అప్పుడు ఇంట్లో తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ ఉంది. ఆవిడకు తెలుగు తప్ప రాదు. కూతురూ అల్లుడూ తమలో తాము కూడా ఇంగ్లీషులోకి మారేసరికి, ఆవిడ ఆరు నెలలు ఉందామని వచ్చినది మూడు నెలలకే టిక్కెట్టు మార్పించుకుంది. "నా వల్ల పిల్లాడికి చదువు రాకపోతే ఎట్లాగమ్మా" అన్నదట. అబ్బాయికి ఇప్పుడు ఇరవై దాటింది, చక్కని ఇంజనీరు. ఫోనులో అమ్మమ్మ "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నాను" అంటాడు. ఆవిడ ఇంకో ప్రశ్న వేస్తే ఫోను తల్లికి ఇస్తాడు. తల్లి మాతో అన్నది ఒక్కటే: "మాకు ఆ లాటిను ముక్క అర్థం తెలిసుంటే ఆ రోజు జవాబు చెప్పి ఉండేవాళ్ళం."

జవాబు ఉంది. ఆ మాట రాసినవారు ఎవరి నాలుకనూ ఒకటి చెయ్యమనలేదు. ఆ రోజుల్లోనే పెన్సిల్వేనియాలో జర్మను పత్రికలు నడిచేవి. స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందిన మర్నాడు ఆ వార్త వేసింది ఫిలడెల్ఫియాలోని ఒక జర్మను పత్రికే. పౌరసత్వ ప్రమాణంలో చూసినా, వదులుకోమనేది పాత రాజ్యాల మీది రాజభక్తిని మాత్రమే. ఇంగ్లీషు వచ్చని పరీక్షలో చూపాలి, నిజమే. ఇంకో భాష మరిచిపోయామని ఎక్కడా చూపనక్కర్లేదు. బడి నుంచి ఇలాంటి సలహా వచ్చిన తల్లిదండ్రులు కంగారుపడి ఆ రాత్రే నిర్ణయం చేసుకోకండి. మాటల ఆలస్యానికి రెండు భాషలు కారణం కావని ఇప్పుడు ఆ శాస్త్రం చదివినవారే చెబుతున్నారు. మన సంఘంలో పిల్లల డాక్టర్లున్నారు, వారితో ముందు మాట్లాడండి.

ఇక ఆ "పెక్కు"లో మనల్ని ఎప్పుడు చేర్చుకున్నారో కూడా పిల్లలకు చెప్పాలి. నాణేల మీద ఈ మాట ఉండితీరాలని 1873లో చట్టం చేశారు. ఆ నాణేలు జేబులో పెట్టుకుని, మొదటి యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం అడిగితే, 1923లో సుప్రీంకోర్టు కాదంది. పౌరసత్వ చట్టంలో ఉన్న "తెల్లవారు" అనే మాట కిందికి హిందూదేశస్థులు రారని తీర్పు. అప్పటికే పౌరులైన మనవాళ్ళ కాగితాలు కూడా వెనక్కి తీసుకున్నారు. 1946లో చట్టం మారింది, ఏడాదికి వందమంది రావచ్చు అన్నారు. వంద! మన ఉగాది విందులో రెండు వరుసలకు చాలరు. 1965లో వచ్చిన చట్టంతోనే తలుపు తెరుచుకుంది, మనలో చాలామందిమి ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళమే.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ తలుపు మూసి ఉన్న కాలంలో, 1920ల మొదట్లో, బోస్టను చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ప్రయోగశాలల్లో ఇప్పటికీ అంటారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం చేసిన ఫోలిక్ ఆమ్లం పని నుంచే కాన్సరు మందులకు దారి పడింది. అరియోమైసిన్ వెనుక ఉన్నదీ ఆయన నడిపిన పరిశోధనాలయమే. ఆయన మందులు ఈ దేశంలో ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళాయో లెక్క లేదు. ఆయన మాత్రం ఈ దేశపు పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ మాటకు అర్థం ఏమిటని పిల్లలు అడిగినప్పుడు, మేము నాణెం కంటె ముందు సుబ్బారావు గారి బొమ్మ చూపిస్తాము.

ఇంతా చెప్పి, మనవైపు లోటు చెప్పకపోతే బాగుండదు. మనలోనూ ఈ మాటను సగానికి కోసుకుని వాడుకునేవారున్నారు. మా పండుగకు సెలవు కావాలి, మా పిల్లవాడి పేరు సరిగ్గా పలకాలి అనేటప్పుడు "పెక్కు" గుర్తుంటుంది. బడి బోర్డు ఎన్నిక వచ్చినప్పుడు, లైబ్రరీకి పన్ను వెయ్యాలా వద్దా అని ఊరు కూర్చున్నప్పుడు "ఒకటి" గుర్తుండదు. "వాళ్ళ గొడవ మనకెందుకండీ" అంటాం. ఇరవై ఏళ్ళు ఒక వీధిలో ఉండి పక్కింటివారి పేరు తెలియని ఇళ్ళు మన సభ్యత్వ పట్టికలోనే ఉన్నాయి. పోనీ మనలో మనం కలిసి ఉన్నామా అంటే, విందు బల్లల దగ్గర ఎవరెవరు ఎటు కూర్చుంటారో చూస్తే తెలుస్తుంది. జిల్లా వారీగా, ఇంకో వారీగా. ఆ ఇంకో వారీ ఏమిటో అందరికీ తెలుసు. ఆ బల్లలను కలపడం కార్యవర్గం వల్ల కాలేదు, ఆడవాళ్ళు పులిహోర గిన్నె ఒక్కచోటే పెట్టిన ఏడాది మాత్రం కొంత కలిశాయి.

ఇంకో పొరపాటు సభల్లో తరచు వినబడుతుంది. ఇది ఈ దేశపు అధికార సూక్తి అంటారు. కాదు. ముద్ర మీద ఉంది, నాణేల మీద ఉండాలని చట్టం ఉంది, కాని దేశానికి సూక్తిగా దీన్ని ఎన్నడూ చట్టం చెయ్యలేదు. 1956 జూలై 30న ఐసెన్‌హోవర్ సంతకంతో "ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్" అధికార సూక్తి అయింది. 2010 నవంబరులో ఒబామా గారు జకార్తాలో మాట్లాడుతూ "ఇ ప్లూరిబస్ యూనమ్" మా సూక్తి అన్నారు. ఇండొనీషియా వారి "భిన్నేక తుంగల్ ఇక"తో పోల్చారు. ఆ "భిన్నేక"లో మన "భిన్న" ఉంది, పాత జావా కావ్యంలోంచి తీసుకున్న మాట. ఇంటికి వచ్చేసరికి కాంగ్రెసు సభ్యులు కొందరు అసలు సూక్తి చెప్పలేదని ఉత్తరం రాశారు. మరుసటి ఏడు ప్రతినిధుల సభ 396 ఓట్లకు 9 ఓట్లతో దేవుడి సూక్తిని మళ్ళీ ఖాయం చేసింది. పోర్చుగల్‌లో బెన్‌ఫికా ఫుట్‌బాల్ క్లబ్బు మాత్రం ఏ గొడవా లేకుండా మన లాటిను ముక్కనే తన చిహ్నం మీద మోస్తోంది.

2007లో అధ్యక్షుల బొమ్మలతో డాలరు నాణేలు మొదలుపెట్టినప్పుడు రెండు సూక్తులనూ, సంవత్సరాన్నీ నాణెం అంచు మీద చెక్కారు. వాషింగ్టను బొమ్మ ఉన్న నాణేల్లో కొన్ని వేలు, పొరపాటున అంచు యంత్రంలోకి వెళ్ళకుండానే బ్యాంకులకు వెళ్ళిపోయాయి. నున్నని అంచు, ఏ రాతా లేదు. దేవుడు లేని డాలర్లు అని పత్రికల్లో గోల అయింది. ఆ ఏడాది చివరకే దేవుడి సూక్తిని అంచు మీద నుంచి బొమ్మవైపుకు మార్చాలని చట్టం వచ్చింది. ఆ నాణేల మీద "ఇ ప్లూరిబస్ యూనమ్" కూడా లేదన్న సంగతి గోలలో ఎవరికీ పట్టలేదు. అది ఇప్పటికీ అంచునే ఉంది. అంచు నున్నగా ఉన్న 2007 నాణేలను సేకరించేవారు డాలరు కంటె చాలా ఎక్కువ ఇచ్చి కొంటారు. డ్రాయరులో ఉన్నాయేమో చూసుకోండి, ఉంటే పార్కింగు మీటరులో వెయ్యకండి.